సర్కారు దస్తరములలో మన పెద్దల పేర్లు

మన తోటల కుటుంబములలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. "మన స్వగ్రామ మేది? తాతను ఓడ యెక్కించిన కంగాణి యెవరు? మన యింటిపేరేమి?" అని చదువుకొన్న మనుమలు అడుగుచున్నారు. ముసలివారిలో కొందరు "వాల్తేరు దగ్గర" అందురు. కొందరు "గంజాము జిల్లా" అందురు. కొందరు తమ తండ్రి చెప్పిన గ్రామదేవత పేరు మాత్రము జ్ఞాపకముంచుకొని యూరి పేరు మరచియున్నారు. ఇది వేడుకకొరకు అడుగు ప్రశ్న మాత్రమే కాదు. మలేషియా తోటలలో పుట్టి, పుట్టుక కాగితము లేనందున నీలపు కార్డు దొరకక, బడిలోను ఆసుపత్రిలోను అగచాట్లు పడు కుటుంబములు మనలో నేటికిని కలవు. అట్టివారి పేర్లు నమోదు చేయించుటకు 2011లో మైదఫ్తార్ అను ప్రయత్నము జరిగినది. దానివలన కొందరికి మేలు కలిగినను, తండ్రి తాతల కాగితములు చూపలేనివారు వెనుకనే యుండిపోయిరి. మరియు ఇండియా గవర్నమెంటువారు ఓ.సి.ఐ. కార్డు నిచ్చునప్పుడు, 1950 జనవరి 26వ తేదీన భారత పౌరుడగుటకు అర్హత కలిగిన వాని సంతతివారికి ఆ హక్కున్నదని చెప్పుచునే, ఆ సంబంధమును కాగితముతో రుజువు చేయుమని యడుగుదురు. నోటిమాట అక్కడ చెల్లదు.

బబులోను చెరనుండి తిరిగి వచ్చిన యాజకులలో కొందరు వంశావళి పట్టీలో తమ పేర్లు వెదకి కానక, యాజకధర్మమునుండి తొలగింపబడిరని ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో మనము చదువుచున్నాము. వారు అబద్ధికులని ఆ గ్రంథము చెప్పలేదు; పట్టీలో పేరు దొరకలేదని మాత్రమే చెప్పినది. మన సంగతియు నట్టిదే. మన పెద్దలు సముద్రము దాటి వచ్చిన మాట నిజము. ఆ నిజము ఏ పుటలో, ఏ యక్షరములతో వ్రాయబడియున్నదో తెలిసికొనుటయే మిగిలిన పని.

యూ టీ అను ఈ స్థలమునే చూడుఁడు. తియోచ్యూ చీనా భాషలో దీనికి నూనె చెరువు అని యర్థము. జపానువారు సింగపూరును పట్టుకొన్న దినములలో ఇచ్చట నూనె నిలువ చేసిరనియు, అందుచే ఆ పేరు వచ్చినదనియు చెప్పుదురు. 1903లో తెరవబడిన రైలుదారి ఈ ప్రక్కనుండియే పోయెడిది. 2011 జూను 30వ తేదీతో ఆ బండ్లు నిలిచిపోయినవి. పల్లె పోయినది, 1996లో కొత్త రైలు స్టేషను వచ్చినది, పదునైదంతస్తుల యిండ్లు లేచినవి. మండాయి, సెంబావాంగు దిక్కులనుండిన రబ్బరు తోటలు, వాటి కూలిలైనులు కంటికి కానరావు. కాని ఆ తోటల పేర్లు పాత పటములలో నున్నవి. ఆ లైనులలో పుట్టిన బిడ్డల పేర్లు రిజిస్టరులలో నున్నవి. నేల మారినను కాగితము మారలేదు.

అయితే ఆఫీసునకు పరుగెత్తుటకు ముందు ఇంటి పెట్టెను తెరువవలయును. అవ్వ ట్రంకు పెట్టె అడుగున చీరల క్రింద నున్న కాగితములలో పనికిరానిది లేదు. 1948లో మలయాలోను సింగపూరులోను మొదటిసారి గుర్తింపు కార్డులు ఇచ్చిరి. దానిలో పుట్టిన యేడు, అప్పటి తోట పేరు ఉండును. ప్రసవ ఆసుపత్రి చీటీ, టీకాల చీటీ, బడినుండి తీసిన సర్టిఫికెట్టు, బాప్తిస్మపు పత్రిక, రాజులా ఓడ టిక్కెట్టు, ఇవి యన్నియు దాచదగినవి. రాజులా 1926 మొదలు 1973 వరకు మద్రాసు, నాగపట్టణము, పీనాంగు, సింగపూరుల నడుమ తిరిగిన యోడ. ఇప్పటి ముసలివారిలో అనేకులు దాని డెక్కుపైననే వచ్చినవారు, లేక దానిపై వచ్చినవారికి పుట్టినవారు. కాగితమును మడత విప్పి అతికింపవద్దు. దానిపై అంటుకాగితము వేయవద్దు. వెలుతురులో నుంచి ఫోను కెమేరాతో రెండు వైపులను తీసి యుంచుఁడు. వెనుకవైపున నున్న ముద్రయే యొక్కొకసారి ముందువైపుకంటె ఎక్కువ మాట చెప్పును.

పిమ్మట పెద్దలనడుగుఁడు. "నీ వెప్పుడు పుట్టితివి?" అని యడిగిన వారు చెప్పలేరు. "రబ్బరు ధర పడిపోయి కూలీలను దేశమునకు తిప్పి పంపినప్పుడు నీవు పుట్టితివా?" అనిన వెంటనే చెప్పుదురు. అది 1930 మొదలు 1933 వరకు జరిగిన సంగతి. ఆ దినములలో తిరిగిపోయి మరల వచ్చిన కుటుంబములు చాల కలవు. కాఁబట్టి ఒకే మనిషి రెండుసారులు ఓడ దిగియుండవచ్చును. "జపానువారు వచ్చినప్పుడు చంకలో నున్నావా, నడచుచున్నావా?" అని యడిగిన 1942 తేలును. అరటిచెట్టు నోట్లు చెల్లిన కాలము, కొత్తగా గుర్తింపు కార్డు తీసిన కాలము, ఇట్టివే మన పంచాంగము. ఆ ఆక్రమణ కాలపు కాగితములపై 2602, 2603 అని వింత యేడు కనబడిన భయపడవద్దు. జపానువారి లెక్క యది. 660 తీసివేసిన మన యేడు వచ్చును.

ముఖ్యముగా ఇంటిపేరు, ఊరిపేరు, గ్రామదేవత పేరు, తల్లి పుట్టినింటివారి యూరు, ఓడలో కూడ వచ్చినవారి పేర్లు, కంగాణి పేరు వ్రాసికొనవలయును. మలయా గుమాస్తాలు మన యింటిపేరును సాధారణముగా వ్రాయలేదు. తండ్రి పేరు వ్రాసి ఊరుకొనిరి. అందుచే ఇంటిపేరు మన కుటుంబము దాచినను దాచకపోయినను పోవునట్టి సొత్తు. అది ముసలివారితో పాతిపెట్టబడిన పిమ్మట ఏ దొర ఆఫీసులోను దొరకదు.

ఇతర దేశములకు పోయిన మన తెలుగువారి సంగతి వేరు. దక్షిణ ఆఫ్రికాలో నేటాలుకు 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి చేరినది మొదలు 1911 వరకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలు పోయిరి. ఒక్కొక్కరికి ఒక నెంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చల వరకు ఓడ పట్టీలో వ్రాసియున్నారు. ఫిజీకి 1879 మొదలు 1916 వరకు పోయిన 60,965 మందికిని అట్లే పాసులు ఉండెను. మద్రాసునుండి అక్కడికి 1903లో పోవుట మొదలిడిరి. మారిషసులో మోకా గ్రామమందలి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూటులో వలసకూలీల పుస్తకములు భద్రముగా నున్నవి; వాటిలో 19వ శతాబ్దమున తీసిన ఫోటోలు సహితము కలవు. ఆ దేశపు మనుమడు నెంబరు తెలిసిన ఒక్క దినములో తన ముత్తాత గ్రామము చేరగలడు.

మనకు అట్టి నెంబరు లేదు. ఏలయనగా మలయాకు ఒప్పందపు కూలీలను తెచ్చుట 1910లో నిలిపివేసిరి. అంతకుముందే కంగాణి పద్ధతి పెరుగుచుండెను. తోటలో పనిచేయు పెద్దకూలీ లైసెన్సు తీసికొని తన యూరికే పోయి, బంధువులను, ఇరుగుపొరుగువారిని పిలుచుకొని వచ్చును. తోటల యజమానులు చెల్లించు పన్నుతో నడచిన వలసనిధివారు ఓడఖర్చు పెట్టిరి. 1922 నాటి ఇండియా వలస చట్టము తరువాత ఊరి మునసబు సంతకము, ఏజెంటు తనిఖీ మొదలగునవి వచ్చినవి. ఆవడిలోను నాగపట్టణములోను డిపోలు ఉండెను. 1938లో ఇండియా గవర్నమెంటువారు ఇట్టి సహాయవలసను నిషేధించిరి. ఇన్ని కాగితములు నడచినను, నేటాలు పట్టీవలె మనిషికొక వరుసగా మలయాకు వచ్చినవారి నందరిని చూపు పుస్తకము లేదు. డబ్బిచ్చిన ఓడ పట్టీలో మీ తాతను చూపెదమని ఇంటర్నెట్టులో చెప్పువారు నేటాలు, ఫిజీ పట్టీలలోని అదే పేరుగల మరియొకని చూపుదురు. అప్పన్న యను పేరుగలవారు వేలమంది యుందురు గదా. తోటలవారి డబ్బు కష్టపడి వచ్చునది, ఇట్టిచోట పోగొట్టుకొనరాదు.

కాఁబట్టి మనము పైనుండి క్రిందికి గాక, క్రిందినుండి పైకి పోవలయును. బిడ్డ పుట్టుకనుండి తల్లిదండ్రుల పెండ్లికి, పెండ్లినుండి తాత మరణమునకు, మరణమునుండి తోటకు, తోటనుండి ఊరికి నడువవలయును. సింగపూరులో జనన మరణములను తప్పక వ్రాయించవలెనను చట్టము 1872నుండి నడచుచున్నది. ఆ రిజిస్టరులు ఇప్పుడు ఇమ్మిగ్రేషను అండ్ చెక్‌పాయింట్స్ అథారిటీవారి చేతిలో నున్నవి. వారికి దరఖాస్తు పెట్టిన వెదకి ఎక్స్‌ట్రాక్టు ఇత్తురు. మలేషియాలో జబతాన్ పెండఫ్తారన్ నెగారా ఆఫీసునకు పోవలయును. జొహోరు తోటలో పుట్టి సింగపూరులో చనిపోయినవాని జననము అక్కడ, మరణము ఇక్కడ నుండును. 1923లో జలసంధిపై కట్ట రైళ్లకు తెరువబడినది మొదలు మనవారు ఈ ప్రక్కకు ఆ ప్రక్కకు పనికొరకు తిరిగినవారే. కాబట్టి ఒక ఆఫీసులో లేదనిన రెండవ ఆఫీసునడుగుఁడు.

ఇక పేర్ల సంగతి. దీనిని కొంచెము విస్తరించి వ్రాయక తప్పదు. మనలో నూటికి తొంబదిమంది ఇక్కడనే ఆగిపోవుచున్నారు. తోట ఆఫీసులో కిరాణి చాలమట్టుకు తమిళుడు లేక మలయాళీ. మన తాత తెలుగులో పేరు చెప్పెను. కిరాణి తన చెవితో వినెను. పిమ్మట ఇంగ్లీషు అక్షరములలో వ్రాసెను. మరియొక గుమాస్తా దానిని చూచి రిజిస్టరులో మరల వ్రాసెను. తమిళ లిపిలో కకు గకు ఒకటే అక్షరము. చకు జకు, తకు దకు, పకు బకు గూడ నంతే. అందుచేత బంగారయ్య పంగారయ్య యగును, దాలయ్య తాలయ్య యగును, గంగమ్మ కంగమ్మ యగును, భూలోకము పూలోగమగును. సింహాచలము సిమాంజలమనియు సింగాచలమనియు రెండు విధములుగా కనబడును. సన్యాసి సన్నాసియగును. పైడితల్లి యెన్ని రూపములు ఎత్తెనో లెక్క పెట్టలేము. అప్పలనాయుడు ఒకచోట అప్పలనాయుడు, ఒకచోట అప్పలు, ఒకచోట నాయుడు మాత్రమే. ఇంగ్లీషు అక్షరక్రమమున పట్టీ యుండును గనుక, బంగారయ్యను బి అక్షరము క్రింద వెదకి లేదని తిరిగి వచ్చిన, వాడు పి అక్షరము క్రింద కూర్చుండియుండును.

మా సంఘములో ఎనుబది యేండ్లు దాటిన ఒక తల్లి తన పుట్టుక కాగితము కొరకు రెండేండ్లు ప్రయాసపడినది. తండ్రి బంగారయ్య, తాను జపానువారు రాకమునుపు పుట్టితినని ఆమె వ్రాయించెను. లేదని జవాబు వచ్చెను. మరల తండ్రి పేరు పంగారు అనియు, తల్లి పేరు, తోట పేరు చేర్చియు దరఖాస్తు పెట్టగా ఎక్స్‌ట్రాక్టు వచ్చెను. దానిలో తండ్రి పంగారు; తల్లి అచ్చమ్మకు బదులు అచ్చి; జాతి యను గడిలో తమిళము అని యుండెను. ఆ తల్లి కాగితము పట్టుకొని, "నా తండ్రి నోట తెలుగే తప్ప మరియొక మాట రాలేదే, వీని నెవడు తమిళుని చేసెను?" అని యడిగినది. అయినను చిరునామా గడిలో మైలురాయి నెంబరుతో కూడ తోట పేరు స్పష్టముగా నుండెను. పల్లెటి చిరునామాలు ఆ కాలమున "ఫలాని రోడ్డు, ఇన్నవ మైలురాయి" అని వ్రాయుచుండిరి. పాత పటమున ఆ రాయి చూచిన, తోట ఎచ్చటనుండెనో తెలియును. ఆ తల్లి మనుమడు పటము చూచి ఆమెను ఆ చోటికి తీసికొని పోయెను. అక్కడ ఇప్పుడు బస్సు డిపో కలదు.

జాతి గడిని నమ్మి వెదకువాడు మోసపోవును. 19వ శతాబ్దపు జనాభా లెక్కలలో మనలనందరిని క్లింగులు అను గంపలో వేసిరి. ఆ మాట కళింగము అను మన దేశపు పేరునుండియే పుట్టినదందురు. అయినను కళింగదేశపు వారు ఆ గంపలో విడిగా కనబడలేదు. 1921, 1931 లెక్కలలో తెలుగు అను వరుస ప్రత్యేకముగా నున్నది. కాని తోటలో లెక్క వ్రాసినవాడు తమిళుడైన, తెలుగువాడు తమిళ వరుసలోనికి జారిపోవుట సులభము. కాఁబట్టి తమిళుడని, హిందువని, ఇండియనని యేది వ్రాసియున్నను త్రోసివేయక, తల్లి పేరు, తోట పేరు, సాక్షి పేరు మూడును సరిచూచిన పిమ్మటనే కాదనవలయును.

ఊరిపేరు దొరికినప్పుడు మరియొక చిక్కు వచ్చును. పాత కాగితములోని జిల్లా నేటి జిల్లా కాదు. విశాఖపట్టణము జిల్లా యని యున్నచో, 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు దాని కొండభాగము కోరాపుట్టుగా ఆ ప్రక్కకు పోయినది. 1950లో శ్రీకాకుళము జిల్లా, 1979లో విజయనగరము జిల్లా విడిపోయినవి. 2022లో అనకాపల్లి, పార్వతీపురము మన్యము, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చినవి. గంజాము జిల్లా యనిన, 1936లో దానిలో చాలభాగము ఒరిస్సాకు పోగా, తెలుగు పల్లెలు కొన్ని ఇటు నిలిచినవి. నార్త్ ఆర్కాటు అని చూచి తమిళదేశమని విడువవద్దు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు ముందు ఆ ప్రాంతపు తెలుగువారు ఆ జిల్లావారే. తాలూకా పేరు వ్రాసియున్న, జిల్లాకంటె దానినే పట్టుకొనుఁడు.

సింగపూరు నేషనల్ ఆర్కైవ్సువారి ఆఫీసు కేనింగ్ రైజు వీధిలో నున్నది. 1968లో స్థాపింపబడినది. పాత పటములు, ఫోటోలు, స్ట్రెయిట్సు సెటిల్‌మెంట్సు రికార్డులు అచ్చట చూడవచ్చును. అనేకము ఇంటినుండియే కంప్యూటరులో చూడవచ్చును. నేషనల్ లైబ్రరీవారి న్యూస్‌పేపర్ ఎస్‌జి అను చోట స్ట్రెయిట్స్ టైమ్సు 1845 సంచికలనుండి ఉచితముగా చదువవచ్చును. కూలివాని పేరు పత్రికలో నెక్కుట అరుదు. ప్రమాదమో, కోర్టు వ్యవహారమో, సమ్మెయో జరిగిననే యెక్కును. కాని తోట పేరు వేసి వెదకిన, ఆ తోట ఎవరిది, ఎప్పుడు అమ్ముడుపోయినది, ఏ యేట మలేరియా వచ్చినది అను సంగతులు దొరకును. మలేషియావారి అర్కిబ్ నెగారా 1957లో స్థాపింపబడినది, కౌలాలంపూరులో నున్నది. సెలంగూరు సెక్రటేరియటు ఫైళ్లు మొదలగు పాత రాష్ట్రముల కాగితములు అచ్చట గలవు. దిగువ పేరాలో బగాన్ దాతో కొబ్బరితోటలు మొదలగు తెలుగువారు దండిగానుండిన తావులను గూర్చి వెదకువారు అక్కడికి పోవలయును. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్సు 1891లో కలకత్తాలో మొదలైనది. మలయాలోనుండిన ఇండియా ఏజెంటు వ్రాసిన వార్షిక నివేదికలును, వలసశాఖ ఫైళ్లును అక్కడ నున్నవి. అభిలేఖ్ పటల్ అను ఇంటర్నెట్టు పట్టికలో ఫైళ్ల పేర్లు వెదకవచ్చును. వీటిలో మీ తాత పేరు దొరకుట కష్టము. ఆయన కూలి ఎంత, లైను గది ఎంత, ఆయన బిడ్డకు బడి యుండెనా లేదా అని తెలియును. పేరు లేకున్నను ఇదియు తాత చరిత్రయే.

క్రైస్తవ కుటుంబములకు మరియొక దారి కలదు. లండను మిషనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. అమెరికను బాప్తిస్టులు 1840లో నెల్లూరులో పని మొదలిడిరి. లూథరనువారు 1842లో గుంటూరునకు వచ్చిరి. కెనడా బాప్తిస్టులు 1874లో కాకినాడలో నిలిచిరి. మీ పెద్దలు ఏ మిషనువారో తెలిసికొనుట ముఖ్యము. లూథరను సంఘములలో శిశువులకు బాప్తిస్మ మిత్తురు గనుక పుస్తకములో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ యుండును. బాప్తిస్టులు విశ్వసించిన పెద్దలకే యిత్తురు గనుక, ఆ తేదీని పుట్టిన తేదీ యనుకొనరాదు. కొన్ని పుస్తకములలో కొత్త పేరు ప్రక్కన పాత పేరు గూడ వ్రాసియుందురు: ఏసుదాసు, పూర్వము పోలయ్య యని. ఆ ఒక్క వరుస దొరికిన, హిందువులుగానున్న దాయాదుల యిండ్లకు తలుపు తెరచినట్లే. మలయాలోను సింగపూరులోను తెలుగువారు తరచుగా తమిళ సంఘములలో ఆరాధించిరి. అచ్చటి పుస్తకములు తమిళములో నుండును. చదువగలవానిని వెంటబెట్టుకొని, పాదిరిగారికి ముందుగా జాబు వ్రాసి పోవుఁడు. ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే పుస్తకమడుగుట మర్యాద కాదు.

సమాధులను నమ్ముకొన్నవారు త్వరపడవలయును. 1972లో మూయబడిన బిడదారి సమాధిస్థలమును 2001 మొదలు 2006 వరకు త్రవ్వి తీసివేసిరి. అక్కడి పూడ్పు రిజిస్టరులు నేషనల్ ఆర్కైవ్సులో నిలిచియున్నవి. యూ టీకి సమీపముననున్న చోవా చూ కాంగ్ సమాధిస్థలములో 1998నుండి ఒక సమాధికి పదునైదేండ్లే గడువు. రాయి తీసివేయకమునుపు దానిపై నున్న అక్షరములను ఫోటో తీయుఁడు. తెలుగు అక్షరములు చెక్కిన రాళ్లు కొన్నియే.

యూ టీనుండి ఉత్తరముగా కొంచెము దూరము పోయిన క్రాంజీ యుద్ధ సమాధిస్థలము వచ్చును. 1957లో తెరువబడిన జ్ఞాపకస్తంభపు గోడలపై సమాధి లేని 24,000కు పైగా సైనికుల పేర్లు చెక్కబడియున్నవి. 4,461 సమాధులు వరుసలుగా నున్నవి. పటాలమునందుండి చనిపోయిన తెలుగువాని పేరు దొరకవలెనన్న, కామన్‌వెల్తు యుద్ధసమాధుల కమిషనువారి పట్టీలో ఎవరైనను ఇంటినుండి వెదకవచ్చును. అయితే అదే యుద్ధమున మలయా తోటలనుండి సయాము బర్మా రైలుదారికి పట్టుకొనిపోబడిన కూలీల సంగతియేమి? 415 కిలోమీటరుల ఆ దారి 1942 మొదలు 1943 అక్టోబరు వరకు వేయబడినది. అచ్చట చనిపోయిన ఆసియా కూలీలు దాదాపు 90,000 మంది యని అంచనా. అనగా అచ్చట చనిపోయిన యుద్ధఖైదీలకంటె ఎన్నోరెట్లు ఎక్కువ. వారిలో మన తమిళ తెలుగు తోటలవారు వేలమంది. ఖైదీలకు పేరు పేరున లెక్కయున్నది. మన కూలీలకు అట్టి లెక్క లేదు; కలరాతో పోయినవారిని గుంపుగా పాతిపెట్టిరి.

ఈ విషయమున దస్తరము మౌనముగానున్నది గనుక, మన నోరే దస్తరము. "మా పెదనాయనను లైనులోనుండి లారీ యెక్కించిరి, తిరిగి రాలేదు" అని చెప్పు ముసలమ్మ యేలైనులో నున్నను, ఆమె మాటను పేరు, తోట, యేడు, కూడ పోయినవారి పేర్లతో వ్రాసి యుంచుఁడు. సింగపూరులో 1979నుండి నోటిచరిత్ర శాఖ యుండి, ఆక్రమణ కాలపు జ్ఞాపకములను ముసలివారి గొంతుతోనే పట్టి దాచియున్నది. వాటిలో చాలవరకు ఇంటినుండియే వినవచ్చును. వినినవారు తమ యింటి పెద్దలను ఎట్లడుగవలెనో నేర్చుకొందురు. తొందరపెట్టవద్దు, మధ్యలో దిద్దవద్దు, ఏడ్చినప్పుడు ఫోను ఆపి, మంచినీళ్లిచ్చి, మరునాడు రమ్మనినచో మరునాడే పోవుఁడు.

కట్టకడపట ఊరు. ఆంధ్రదేశమున గోదావరి, కృష్ణా వంటి రయిత్వారీ భాగములలో సర్వే సెటిల్‌మెంటు పుస్తకములు, అడంగళ్లు పాతవి గలవు. వాటిలో భూమిగలవారి పేర్లుండును. మలయాకు వచ్చినవారిలో అనేకులకు సెంటు భూమి లేదు. భూమి యుండినయెడల రారు గదా. విజయనగరము, బొబ్బిలి వంటి జమీందారీ పల్లెలలో లెక్కలు జమీందారు దస్తరములోనుండెను. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతనే సర్కారు సర్వే జరిగినది. వంశపారంపర్య కరణములు 1984లో తొలగింపబడిరి; వారి పుస్తకములు కొన్ని తాలూకా ఆఫీసులకు పోయినవి, కొన్ని చెదలకు పోయినవి. అందుచే ఊరు చేరినవారు మొదట ఆఫీసునకు పోవద్దు. సంక్రాంతి దినములలో పొండు. పట్టణములకు పోయినవారందరు అప్పుడు ఇండ్లకు వత్తురు. రామకోవెల అరుగుపై గాని, పేటలోని దేవాలయపు గుమ్మమున గాని కూర్చున్న పెద్దలకు ఇంటిపేరు చెప్పి, "మలయాకు పోయి తిరిగి రానివా రెవరైన ఈ యింటివారిలో నుండిరా?" అని యడుగుఁడు. సొమ్ము గాని భూమి గాని అడుగ వచ్చితిరని వారు మొదట అనుమానింతురు. తాత ఫోటో చూపుఁడు. మీ పుట్టుక కాగితములో తప్పుగా వ్రాయబడిన పేరును గాక, అవ్వ ఇంటిలో పిలిచిన పేరును చెప్పుఁడు.